‘నన్ను గుర్తుపట్టావా?’ అని అడక్కండి, పేరు చెప్పండి

మన పెళ్ళిళ్ళలో శుభలేఖలో వెయ్యని కార్యక్రమం ఒకటి ఉంటుంది. విడిది ఇంటి మెట్ల దగ్గరో, భోజనాల వరసలోనో ఒకావిడ ఎదురొచ్చి, గడ్డం పట్టుకుని, "ఏమ్మా, నేనెవరో చెప్పుకో చూద్దాం" అంటుంది. చుట్టూ నలుగురు నవ్వుతూ నిలబడతారు. చెబితే మంచిపిల్ల. చెప్పలేకపోతే, "హైదరాబాదు వెళ్ళాక మనమెక్కడ గుర్తుంటాంలే" అని తీర్పు అక్కడికక్కడే వచ్చేస్తుంది. ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు.

ఆవిడ పోయినేడాది మా ఇంట్లో వారం ఉండి వెళ్ళిన సొంత పెద్దమ్మ అయినా కావచ్చు. ముక్కుపుడక కనిపిస్తుంది, నుదుటి మీద గీతలు కనిపిస్తాయి, నవ్వితే పక్కకి ఒరిగే పెదవి కనిపిస్తుంది. ఎవరో మాత్రం తెలియదు. దీన్ని ప్రోసోపాగ్నోసియా అంటారు, వాడుకలో ఫేస్ బ్లైండ్‌నెస్. నాకిది పుట్టుకతోనే ఉంది. ఉందని తెలిసింది మాత్రం పెళ్ళయి, ఒక పిల్లాడు పుట్టాక.

దీని గురించి రాసేవాళ్ళు సాధారణంగా రెండు దారుల్లో పోతారు. అయ్యో పాపం అనిపించడం ఒకటి. ఒక తలుపు మూస్తే దేవుడు ఇంకోటి తెరుస్తాడు, వీళ్ళకి మిగతా శక్తులు ఎక్కువుంటాయి అని ఊరడించడం ఇంకోటి. నాకు రెండూ నచ్చవు. నేననేది ఒక్కటే: ముఖం చూసి గుర్తుపట్టడాన్ని మనం ప్రేమకీ మర్యాదకీ కొలతగా పెట్టుకున్నాం. అది కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా ఉండే ఒక సామర్థ్యం. దాన్నిబట్టి మనిషి మనసును అంచనా వెయ్యడం అన్యాయం.

ఈ సంగతి చెప్పగానే అందరూ అడిగే ప్రశ్న, "అయితే నా మొహం నీకు మసగ్గా కనపడుతుందా?" లేదు. నా చూపు 6/6. ఎదుటివాళ్ళు అలిగినా, నవ్వు ఆపుకుంటున్నా, ఏడ్చి మొహం కడుక్కుని వచ్చినా నాకు తెలిసిపోతుంది. నిజానికి అన్నిటికన్నా కష్టం అదే. ఎదురుగా వచ్చిన మనిషి ఎవరో తెలియదు, నేను పలకరించనందుకు నొచ్చుకుందని మాత్రం తెలుస్తుంది.

గొర్రెల మందను చూస్తే మీకెలా ఉంటుందో, కల్యాణమండపం నాకు అలా ఉంటుంది. ప్రతి గొర్రెకీ కళ్ళూ చెవులూ మూతీ మీకు కనిపిస్తూనే ఉంటాయి. ఏది ఏదో చెప్పాలంటే మాత్రం కాసే ఆయనే రావాలి. ఈ పోలిక ఊరికే తేలేదు. 1993లో మెక్‌నీల్, వారింగ్టన్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు ఒకాయన గురించి రాశారు. స్ట్రోకులు వచ్చి మనుషుల ముఖాలు గుర్తుపట్టడం పోయాక ఆయన గొర్రెల పెంపకంలోకి దిగాడు. తన మందలోని గొర్రెల ముఖాలు నేర్చుకుని ఏది ఏదో చెప్పగలిగాడు. మనుషుల ముఖాలు మాత్రం తిరిగి రాలేదు. మెదడులో మనిషి ముఖానికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఉందనే వాదనకి ఆ కేసు బలం ఇచ్చింది. అన్నట్టు గొర్రెలు కూడా తక్కువేం కాదు. తోటి గొర్రెల ముఖాలు 50 దాకా నేర్చుకుని, రెండేళ్ళ తర్వాత కూడా గుర్తుపట్టాయని 2001లో కేంబ్రిడ్జ్ దగ్గరున్న బాబ్రహామ్ సంస్థ పరిశోధకులు చూపించారు. మా ఆయన ఆ వార్త నాకు వాట్సాప్‌లో పంపి కింద ఏమీ రాయలేదు. రాయాల్సిన పని కూడా లేదు.

ఇంకా అర్థం కావాలంటే మీ ఫోన్లో పాత గ్రూప్ ఫోటో ఒకటి తీసి తలకిందులుగా తిప్పండి. ఇంట్లోవాళ్ళు కూడా ఒక పట్టాన ఆనరు. ఇళ్ళ బొమ్మలు, విమానాల బొమ్మలు తిప్పితే అంత కష్టం కాదు, ముఖాలు తిప్పితేనే బాగా కష్టమవుతుందని 1969లో రాబర్ట్ యిన్ ప్రయోగం చేసి చూపించాడు. మామూలుగా మనిషి మెదడు ముఖాన్ని కన్ను, ముక్కు, మూతి అని విడదీసి చదవదు, మొత్తం ఒక్కసారిగా పట్టేస్తుంది. తలకిందులు చేస్తే ఆ పట్టు జారిపోతుంది. నా దగ్గర ఆ పట్టు నిటారుగా ఉన్న ముఖానికీ సరిగ్గా లేదు. నేను కూడబలుక్కుని చదువుకుంటాను, చదివింది నిలవదు.

ఈ జబ్బుకి పేరు పెట్టినాయన యోఆఖిమ్ బోడామర్ అనే జర్మన్ వైద్యుడు, 1947లో. యుద్ధంలో తలకి దెబ్బ తగిలిన సైనికుల్ని చూసి రాశాడు. అందులో ఒక కుర్రాడికి అద్దంలో తన ముఖం కూడా తనదిగా తెలిసేది కాదు. అందుకే చాలాకాలం ఇది మెదడు దెబ్బతింటేనే వస్తుందనుకున్నారు. ఏ దెబ్బా లేకుండా పుట్టుకతోనే ఉన్న కేసు మొదటిసారి పత్రికకెక్కింది 1976లో. మెదడు అడుగు భాగంలో, ఎక్కువగా కుడివైపున, ముఖాలు చూసినప్పుడు చురుకయ్యే చోటుకి నాన్సీ కన్విషర్ బృందం 1997లో ఫ్యూజిఫార్మ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టింది. ఇక్కడో మాట చెప్పి ముందుకెళ్తాను: నిన్నటిదాకా బాగా గుర్తుపట్టిన మనిషి హఠాత్తుగా ఇంట్లోవాళ్ళ ముఖాలు పోల్చుకోలేకపోతే అది స్ట్రోకు కావచ్చు. ఆలోచించకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నాలాంటివాళ్ళ సంగతి వేరు. మాకు పోయిందేమీ లేదు, మొదట్నుంచీ రాలేదంతే.

ఎంతమందికి ఉంటుంది? 2006లో జర్మనీలో విద్యార్థుల మీద చేసిన సర్వేలో నూటికి ఇద్దరు ముగ్గురు తేలారు. 2023లో హార్వర్డ్ పరిశోధకులు అమెరికాలో 3,341 మందిని పరీక్షించి, తీవ్రంగా ఉన్నవాళ్ళు నూటికి ఒకరు, కొంచెం తేలిగ్గా ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరు అన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనం 8.46 కోట్లు. ఆ నూటికి ఒకరు లెక్క మనకీ వర్తిస్తుందనుకుంటే, తెలుగు నేల మీద ఎనిమిది లక్షలమంది పైగా ఇలా పెళ్ళి పందిళ్ళలో నీళ్ళు నములుతున్నారన్నమాట. వాళ్ళలో చాలామందికి దీనికొక పేరుందని కూడా తెలిసి ఉండదు. పుట్టినప్పట్నుంచీ ఇలాగే ఉన్నవాళ్ళకి అవతలివాళ్ళు వేరేలా చూస్తున్నారని ఎలా తెలుస్తుంది? నాకైతే, అందరూ నాలాగే చీరా, జడా, గొంతూ చూసి గుర్తుపడతారనీ, నాకంటే కాస్త శ్రద్ధగా పడతారనీ అనిపించేది.

పరీక్షలున్నాయి. అన్నిటికన్నా పేరున్నది కేంబ్రిడ్జ్ ఫేస్ మెమరీ టెస్ట్, 2006లో డుషేన్, నకయామా తయారుచేసింది. జుట్టు కనబడకుండా కత్తిరించిన ముఖాలు చూపిస్తారు, తర్వాత మూడింటిలో ఇందాక చూసిందేదో చెప్పమంటారు. 72 ప్రశ్నలు. మామూలు మనిషికి సగటున 58 దాకా వస్తాయి. 42, అంతకంటే తగ్గితే అనుమానించాల్సిందే. కానీ ఆ మొదటి పరీక్షలో ఉన్నవన్నీ తెల్లవాళ్ళ ముఖాలు. ఎవరైనా సరే, తాము పెరిగిన చోట చూడని జాతి ముఖాల్ని కొంచెం తక్కువగానే గుర్తుపడతారు. కాబట్టి ఇంటర్నెట్‌లో ఆ పరీక్ష రాసి, మార్కులు తగ్గాయని బెంగపడే తెలుగువాళ్ళు కాస్త ఆగాలి. మార్కులకన్నా మీ జీవితం చూసుకోండి. తెలిసిన మనిషి అనుకోని చోట ఎదురైతే ఏమవుతోంది? జుట్టు కత్తిరించుకుంటే ఏమవుతోంది? "నాకూ అంతే, పేర్లు అస్సలు గుర్తుండవు" అనేవాళ్ళకి మాత్రం ఇది లేదు. పేరు గుర్తురాకపోవడం వేరు. వాళ్ళకి ఎదురుగా ఉన్నది తెలిసిన మనిషని తెలుస్తుంది కదా!

ఇది కుటుంబాల్లో నడుస్తుంది. మా ఇంట్లో నాన్న నుంచి వచ్చిందని నా నమ్మకం. ఆయన ఇప్పుడు లేరు, పరీక్ష చేయించే వీలు లేదు. కోనసీమలో ఒక ఊళ్ళో బ్రాంచి పోస్టుమాస్టరుగా చేసేవారు. మనియార్డరు కోసమో, పొదుపు ఖాతా పుస్తకం పట్టుకునో ఎవరొచ్చినా, "పేరు చెప్పండి, రాసుకుంటాను" అనేవారు. పోస్టాఫీసులో అలా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. సాయంత్రం అరుగు మీద కూర్చుని వీధిలో పోయే ప్రతి ఒక్కరినీ, "రండి రండి, కూర్చుని వెళ్ళండి" అని పిలిచేవారు. తెలిసినవాళ్ళనీ, తెలియనివాళ్ళనీ, దారి తప్పొచ్చిన కుండలమ్మేవాణ్ణీ. ఊళ్ళో ఆయనకి ఎంత మంచి పేరో! మాస్టారికి చిన్నా పెద్దా తేడా లేదు, అందర్నీ పలకరిస్తారు అనేవారు. ఎవరు ఎవరో తెలియక అందర్నీ పలకరించేవారని ఇప్పుడు అనిపిస్తుంది.

అదే లోపం నాకు వచ్చేసరికి పొగరు అయింది. ఎందుకంటే ఆయన దారి నాకు లేదు. పదహారేళ్ళ ఆడపిల్ల వీధిలో ఎదురైన ప్రతి మగవాణ్ణీ చూసి నవ్వి "బాగున్నారా" అంటే ఊరు ఊరుకుంటుందా? కాబట్టి నేను తల దించుకుని నడిచాను. తల దించుకుని నడిచేది సిగ్గరి అని కొందరూ, కళ్ళు నెత్తికెక్కాయని కొందరూ అనుకున్నారు. కాలేజీలో నా బెంచీలో కూర్చునే అమ్మాయిని బజార్లో దాటుకుపోతే, మర్నాడు బెంచీ మారిపోయింది. ఎందుకు మారిందో నాకు తెలిసేటప్పటికి ఆ స్నేహం లేదు. ఈ ఇబ్బంది మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ ఒకేలా ఉండొచ్చు, దాని ఖరీదు మాత్రం మన ఊళ్ళలో ఒకటి కాదు.

పేరున్నవాళ్ళకైనా తప్పలేదులెండి. హాలీవుడ్ నటుడు బ్రాడ్ పిట్ 2013లో ఒక ఇంటర్వ్యూలో తనకీ ఇబ్బంది ఉందనుకుంటున్నాననీ, తాను అవమానిస్తున్నానని జనం అనుకుంటారనీ చెప్పుకున్నాడు. చింపాంజీల మధ్య ఏళ్ళతరబడి గడిపిన జేన్ గుడాల్‌కి కూడా ఉండేది. న్యూరాలజిస్టు ఆలివర్ శాక్స్ ఇతరుల మెదళ్ళ గురించి ఎన్నో రాశాడు కానీ తన ముఖం తనకే ఆనేది కాదు. గడ్డమున్న ఒకాయనకి దారి అడ్డొచ్చానని సారీ చెప్పి, తీరా చూస్తే అది అద్దం అని 2010లో రాశాడు. అది చదివి నేను నవ్వలేదు. బట్టల షాపుల్లో నిలువెత్తు అద్దాల దగ్గర నాకూ జాగ్రత్త ఎక్కువే.

మరి ఎలా బతుకుతున్నానంటారా? నేను ఫిజియోథెరపిస్టుని. ఈ వృత్తి ఎంచుకున్నప్పుడు ఇదంతా తెలియదు, కానీ ఇంతకన్నా అనువైనది నాకు దొరికేది కాదేమో. నా పేషెంట్లని నేను ముఖం చూసి పోల్చలేను, మోకాలు చూసి పోలుస్తాను. తుంటి పక్క కండరం బలహీనపడి ఒక్కో అడుగుకీ నడుము పక్కకి జారే నడక ఒకరిది. పాదం పైకి లేవక, మోకాలు ఎత్తెత్తి వేసి టప్‌మని ఆనించే నడక ఇంకొకరిది. ఒక చెయ్యి ఊగకుండా చిన్న చిన్న అడుగులతో వచ్చేది పార్కిన్‌సన్స్ ఉన్న ఆయన. ఫ్రోజెన్ షోల్డర్ ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ ఎప్పుడూ ఎడమ భుజానికే, జడ ఎప్పుడూ కూతురు వేసిందే. కారిడార్ చివర్నుంచే పేరు పెట్టి పిలుస్తాను. "మేడమ్‌కి ఎంత జ్ఞాపకశక్తో" అంటారు.

చిక్కు ఏమిటంటే వాళ్ళకి నయమైపోతుంది. మూడు నెలలు కష్టపడి నడక సరిచేసి పంపిస్తాను, ఆ చక్కటి నడకతో ఎవరో ఒకాయన స్వీట్ ప్యాకెట్ పట్టుకుని వస్తాడు. ఎవరో నాకు తెలియదు. నా పని ఎంత బాగా చేస్తే పేషెంటు నాకు అంత పరాయివాడు అవుతాడు. అప్పుడిక గొంతే దిక్కు. "నమస్తే మేడమ్" దగ్గర తెలియకపోతే, "ఇప్పుడెలా ఉంది నొప్పి?" అని అడుగుతాను. ఎక్కడ చెయ్యి పెట్టి చూపిస్తాడో చూస్తాను. నడుం మీద పెడితే సగం జాబితా పోతుంది.

ముఖం తప్ప అన్నీ నా ఆధారాలే. గొంతు, దగ్గు, చెప్పుల చప్పుడు, నిలబడేటప్పుడు బరువు ఏ కాలి మీద వేస్తారు, చేతి గడియారం, పుట్టుమచ్చ, స్కూటర్ రంగు, ఎవరి పక్కన ఉన్నారు, ఏ టైముకి ఏ మలుపులో కనిపించారు. ఆఫీసుల్లో మెళ్ళో వేలాడే ఐడీ కార్డు కనిపెట్టినవాడికి నేను రుణపడి ఉన్నాను, అది తిరగబడి వేలాడనంతవరకు. కోవిడ్ రోజుల్లో జనమంతా మాస్కులు వేసుకుని ఒకర్నొకరు పోల్చుకోలేక గింజుకుంటుంటే నాకు లోపల్లోపల కాస్త తృప్తిగా ఉండేదని ఒప్పుకోవాలి. వీడియో కాల్స్‌లో మనిషి కింద పేరు పడుతుంటే అదొక స్వర్గం. కానీ ఇవన్నీ ఆడుతూ పాడుతూ జరిగిపోయే పనులు కావు. మీకు కన్ను పడగానే అయిపోయే పని నేను రోజంతా కూర్చి కూర్చి చేస్తాను. పెళ్ళికెళ్ళొచ్చిన రోజు తలనొప్పి ఖాయం. "మిగతా శక్తులు" అని మురిసిపోయేవాళ్ళకి ఆ తలనొప్పి కనపడదు.

పైగా పెళ్ళిలో నా ఆధారాలన్నీ మారిపోతాయి. రోజూ కాటన్ చీరలో చూసే పక్కింటావిడ పట్టుచీర కట్టి, బ్యూటీషియన్‌తో మేకప్ చేయించుకుని, కొత్త సెంటు కొట్టుకుని వస్తుంది. డీజే పెట్టేస్తే గొంతూ పోయింది. ఇక తిరుమల సంగతి చెప్పక్కర్లేదు. మనిషిని పట్టించేవాటిలో నాకు మొదటిది జుట్టు, అక్కడ ఆ జుట్టే స్వామికి ఇచ్చేస్తారు. మా వాడి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు కల్యాణకట్ట బయట ఎటు చూసినా చందనం పూసిన చిన్న చిన్న గుండ్లు. వాడికి ముదురు పసుపు టీషర్టు వేసి, మణికట్టు వదలకుండా పట్టుకున్నాను. తన గుండుతో వచ్చిన మా ఆయన్ని మాత్రం కాసేపు క్యూలో ఎవరో అనుకున్నాను.

బడి గేటు దగ్గర మా పద్ధతి వేరు. ఒకే యూనిఫామ్‌లో అంతమంది పిల్లలు ఒక్కసారి బయటికొస్తే వెతికే పని నాది కాదు. నేను రోజూ ఒకే వేపచెట్టు కింద నిలబడతాను, వాడే నా దగ్గరికి వస్తాడు. బ్యాగుకి పెద్ద ఎర్ర బంతి వేలాడుతుంటుంది. వాడికి ఊహ తెలిశాక విషయం చెప్పాం. ఏడ్వలేదు, నొచ్చుకోలేదు. "అయితే అమ్మకి నేను నా గొంతు చెప్పాలి" అన్నాడు. పెద్దవాళ్ళకి ఎంత వివరించినా ఎక్కని సంగతి వాడికి ఒక్కమాటతో ఎక్కింది. పెద్దవాళ్ళకి చెప్తే మాత్రం రెండే జరుగుతాయి. "ఛ, నన్ను కూడానా?" అని బాధపడతారు. లేకపోతే, "అయితే అదిగో, అతనెవరో చెప్పు చూద్దాం" అని అక్కడే ఇంకో పరీక్ష పెడతారు.

తెలుగులో నాకు ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనిషెవరో తేలకుండా మన భాషలో నోరు విప్పడం కష్టం. బాగున్నావా అనాలా, బాగున్నారా అనాలా? వదినా అనాలా, పిన్నీ అనాలా? పిన్ని వరస ఆవిడని వదినా అంటే సరసం అయిపోతుంది, మరదలు వరస పిల్లని మీరు అంటే వెటకారం అయిపోతుంది. అందుకని నా దగ్గర ఎవరికైనా సరిపోయే మాటలు కొన్ని ఉన్నాయి. "అంతా కులాసాయేనా?" "ఎప్పుడు రావడం?" "భోజనాలయ్యాయా?" "ఇంట్లో అందరూ క్షేమమేనా?" వీటిల్లో నువ్వూ లేదు, మీరూ లేదు. అవతలివాళ్ళు జవాబు చెప్తుండగా గొంతు పట్టుకుంటాను. ఈ బాధ లేని రోజులు కార్తీకం నుంచి సంక్రాంతి దాకా, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళతో. నల్లబట్టలు, గడ్డాలు, అందరూ ఒకేలా ఉంటారు. అయితేనేం, అందరూ "స్వామీ"యే. బ్యాంకు మేనేజరూ స్వామే, పాలబ్బాయీ స్వామే. నాలాంటివాళ్ళ కోసమే ఎవరో పెట్టిన ఆచారంలా ఉంటుంది.

ముఖమే మనిషి అనే పట్టుదల మన కథల్లో కూడా లేదు. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నారు. ఐదుగురు నలులు, ఐదు ముఖాలూ ఒక్కటే. ఆవిడ దేవతల్నే ప్రార్థించింది, వాళ్ళు దిగొచ్చి తమ గుర్తులు చూపించారు. చెమట పట్టనివాళ్ళు, రెప్ప వెయ్యనివాళ్ళు, మెళ్ళో దండ వాడనివాళ్ళు, కాళ్ళు నేలకి ఆననివాళ్ళు దేవతలు. నీడ పడుతున్నవాడు, దుమ్ము అంటినవాడు, దండ వాడినవాడు నలుడు. తర్వాత కర్కోటకుడి కాటుతో నలుడి రూపమే మారిపోయి, బాహుకుడై వంటవాడిగా, రథం తోలేవాడిగా వచ్చినప్పుడూ అంతే. దూరం నుంచి వచ్చే రథం చప్పుడు విని ఆవిడకి అనుమానం తగిలింది, వండిన మాంసం తెప్పించి రుచి చూసింది, ఇది మా ఆయన చెయ్యే అనుకుంది. ముఖం రెండుసార్లూ పనికి రాలేదు. ఆవిడ ప్రేమ తక్కువని ఎవరూ అనలేదు. పైగా ఆ వంటకి ఈనాటికీ నలపాకమని పేరు.

"అది పురాణం, ఇది లోకం" అంటారేమో. లోకంలోనే, ప్రాణాల మీదికొచ్చే చోట ముఖాన్ని ఎవరూ నమ్మరు. నేను పనిచేసిన పెద్ద ఆస్పత్రుల్లో పేషెంటు ఎంత తెలిసినవాడైనా సరే, ఇంజెక్షన్ ఇచ్చే ముందు పేరు చెప్పించుకోవాలి, చేతికున్న బ్యాండు మీద నంబరు చూసుకోవాలి. కనీసం రెండు గుర్తులు సరిచూడమని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సూచించింది. ముఖం ఆ గుర్తుల్లో లేదు, గది నంబరు కూడా పనికిరాదు. కోర్టుల్లో చూడండి. పోలీసులు నిందితుణ్ణి వరసలో నిలబెట్టి సాక్షితో గుర్తుపట్టించే ఐడెంటిఫికేషన్ పరేడ్‌ని మన న్యాయస్థానాలు దానికదే చాలిన సాక్ష్యంగా తీసుకోవు, మిగతా సాక్ష్యానికి బలం చేకూర్చేదిగానే చూస్తాయి. అమెరికాలో డీఎన్‌ఏ పరీక్షలతో నిర్దోషులని తేలి జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళ కేసుల్లో ఎక్కువవాటిలో, ఎవరో సాక్షి ముఖం చూసి గట్టిగా ‘ఇతనే’ అన్న పొరపాటు ఉంది. వాళ్ళెవరూ నాలాంటివాళ్ళు కారు, గుర్తుపట్టగలమని నమ్మకం ఉన్న మామూలు మనుషులు. ఇంత తేలిగ్గా తప్పే పనిని పెళ్ళిలో మాత్రం ఆత్మీయతకి పరీక్షగా ఎలా పెడుతున్నాం?

నేను కోరేది కొత్తదేమీ కాదు. పెద్దల కాళ్ళకి దండం పెట్టేటప్పుడు గోత్రం, పేరు చెప్పుకునే ప్రవర కొన్ని కులాల్లో ఇప్పటికీ ఉంది. దాని వెనకున్న కులం లెక్క నాకు అక్కర్లేదు, ముందు నీ పేరు నువ్వు చెప్పుకో అన్న పద్ధతి చాలు. మిగతా ఊరంతా కూడా అదే పని ఇంకోలా చేసేది. "ఎవరబ్బాయివిరా నువ్వు?" అని అడిగే ముసలాళ్ళని ఎవరూ పొగరనలేదు. కంట్లో శుక్లం వచ్చిన తాతయ్య, "కళ్ళు ఆనట్లేదు నాయనా, ఎవరూ?" అంటే చుట్టుపక్కలవాళ్ళంతా గబగబా పేర్లు చెప్పేస్తారు. డెబ్భై ఏళ్ళొచ్చాక నాకూ ఆ హక్కు వస్తుంది. ఈలోగా ముప్ఫై ఏళ్ళు ఏం చెయ్యాలన్నదే ప్రశ్న.

"నువ్వే ముందుగా అందరికీ చెప్పుకోవచ్చుగా" అంటారు. చెప్పుకుంటున్నాను. కానీ ఎవరికి చెప్పానో, ఎవరికి చెప్పలేదో గుర్తుపట్టాలంటే మళ్ళీ ముఖాలే కావాలి. ఇంట్లో ఈ సమస్యకి మా ఆడపడుచు ఒక ఉపాయం పట్టింది. ఫంక్షన్‌లో నా పక్కనే ఉండి, ఎవరొస్తున్నా ముందే గట్టిగా, "వదినా, పెనుగొండ అత్తయ్య వస్తోంది చూడు" అని కేక పెడుతుంది. అత్తయ్యకి స్వాగతం చెప్పినట్టూ ఉంటుంది, నాకు పేరు అందినట్టూ ఉంటుంది. క్లినిక్‌లో నేను రిసెప్షన్ వాళ్ళకి ఒకటే చెప్పాను: పాతవాళ్ళైనా కొత్తవాళ్ళైనా లోపలికొచ్చేటప్పుడు పేరు రాసిన స్లిప్పు చేతికివ్వండి. ఒక రిటైర్డ్ ఆఫీసరు గారికి అది నచ్చదు. "ఇన్నాళ్ళొచ్చాక కూడా నేనెవరో చీటీ చూపించాలా అమ్మా?" అని ప్రతిసారీ అంటారు. ప్రతిసారీ ఇస్తారు.

ఈ ఫిబ్రవరిలో మా చిన్నాన్న కూతురి పెళ్ళి, పాలకొల్లులో. మీరు అక్కడికి వస్తే, నేను ముదురు ఆకుపచ్చ చీరలో, మా ఆడపడుచు పక్కనే ఉంటాను. ఆవిడ వంటల దగ్గరికి వెళ్ళినప్పుడు ఎదురైతే గడ్డం పట్టుకోవద్దు, పక్కనుంచి వచ్చి భుజం తట్టొద్దు. "నేను సత్యవతిని, మీ నాన్నగారి మేనకోడల్ని" అనండి చాలు. నువ్వు అనాలో మీరు అనాలో ఆ తర్వాత నేను చూసుకుంటాను.